తెల్లముస్లి తలలు

పదకొండో భాగం

భోపాల్‌పట్నం రేంజి ఆఫీసు వరండాలో, గోడకి ఆనించిన బల్ల మీద మాసా ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు. రెండు మణికట్లకీ కలిపి ఒకటే తాడు. గురువారం తెల్లారేలోగా తాళ్ళగట్టు మీద కంచె వేసిన తెల్లముస్లి గడ్డల మడిని ఎవరో తవ్వేశారు. ఆ పొద్దున తవ్వుకోల భుజాన వేసుకుని గట్టు దిగుతూ కనిపించినవాడు మాసా ఒక్కడే. అంతకు మించి సాక్ష్యం లేదు. అటవీశాఖకి అంతకు మించి అక్కర్లేదు కూడా. సోమవారం దంతెవాడ కోర్టుకి పంపితే, మళ్ళీ ఇంటికి ఎప్పుడొస్తాడో చెప్పగలిగినవాళ్ళు లేరు.

అతని వదినె సారలమ్మ ఇప్పగుంపు గూడెం వన సమితికి అధ్యక్షురాలు. ఆ మడికి కంచె వేయించింది ఆమే. శుక్రవారం సాయంత్రం రేంజరు బల్ల ముందు నిలబడి ఆమె ఒక మాట అన్నది.

"మా గుంపుల ఆడది గడ్డ తీసుకుంటది గానీ మొలకుండే తల తీసుకోదు సార్. తలను మళ్ళ గుంతల పెట్టి, మట్టి కప్పి, పైన రేగుకంప గుచ్చి వస్తది. మా అత్త రామక్క మాకందరికీ అదే నేర్పింది. మీరు పోయి గుంతలు చూడుండ్రి. తలలుంటే మా పని. లేకుంటే బయటోళ్ళ పని. మాసాను ఇడువుండ్రి."

రేంజరు సన్యాసిరావు కిరందుల్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాడు. లంచానికి చెయ్యి చాపడని పేరు. అందుకే ఏ రేంజిలోనూ ఎక్కువ కాలం ఉండనివ్వరని కూడా పేరు. కళ్ళద్దాలు తుడిచి పెట్టుకున్నాడు.

"సరేనమ్మా. రేపు సాయంత్రం నేనే వొచ్చి సూస్తాను. తలలు లేకపోతే మీ వోడిని అక్కడే ఒగ్గేస్తాను. మాటంటే మాటే."

సారలమ్మ గెలిచానని అనుకుంది. ఆమె అప్పటికి ఆ గుంతల్ని చూడలేదు.

*

శనివారం పొద్దున ఆమె ఒక్కతే గట్టెక్కింది.

తాళ్ళగట్టుకి ఒక వైపు మొత్తం బొక్కలే. ఎర్రరాయి కోసం తవ్విన బొక్కలు. మనిషి నడుం పట్టేంత సన్నటి సొరంగాలు, పక్కన కుప్పలుగా తెల్లమట్టి. ఇంద్రావతి అవతలి నుంచీ, గోదావరి అవతలి నుంచీ మనుషులొచ్చి ఈ కొండని కురువిందం రాళ్ళ కోసం చిల్లులు పొడిచారు. పోలీసులు తరిమితే పోయారు, జీపు వెళ్ళిపోతే వచ్చారు. అలాంటి బొక్క ఒకటి కూలే సారలమ్మ మొగుడు పోయాడు. శవం దొరకలేదు కాబట్టి ఆ బొక్కనే మట్టితో మూసి, దాని మీదే రాయి నిలబెట్టారు. ఆమె ఆ రాయి పక్క నుంచి ఆగకుండా నడిచింది.

రెండో వైపు వాలులో మడి ఉంది. వెదురు నీడన ముళ్ళతీగ కంచె, కంచెకి ఆకుపచ్చ రంగు బోర్డు. అక్కడ అరుదైన మొక్కలున్నాయనీ, ముట్టుకుంటే శిక్ష అనీ హిందీలో రాసి ఉంది. ఈ చుట్టుపక్కల అడవిలో తెల్లముస్లి ఒకప్పుడు వానాకాలంలో గడ్డిలా మొలిచేది. మగవాళ్ళ బలం మందుకని పట్నాల్లో గిరాకీ పెరిగాక కాలు పెట్టిన చోటల్లా తవ్వేశారు. చివరికి మిగిలింది ఈ మడి. బోర్డు పెట్టాక, ఎక్కడ మిగిలిందో వెతుక్కోవాల్సిన పని దొంగలకి తప్పింది.

కంచె ఒక మూల కోసి ఉంది. సారలమ్మ అక్కడి నుంచే దూరింది.

గుంతలు కనపడలేదు. మొదట ఆమెకి అర్థం కాలేదు. తవ్వి పారేసిన నేల ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు: తోడేలు కడుపు చీల్చినట్టు ఉంటుంది. ఇక్కడ నేల చదునుగా ఉంది. వేళ్ళతో ఒత్తి, అరచేత్తో చదును చేసిన చిన్న చిన్న దిబ్బలు. ఒక్కో దిబ్బ మీదా ఒక్కో రేగుకంప నిలబడి ఉంది, ముళ్ళపంది మూతి పెట్టకుండా.

ఆమె మోకాళ్ళ మీద కూలబడి ఒక కంప పీకింది. మట్టిలో వేలు పెట్టి కెలికింది. తల తగిలింది. వేళ్ళలా వేలాడే తెల్లటి గడ్డల్ని కోసుకుని, రెండు మాత్రం వదిలి, మొలక పైకి ఉండేలా మళ్ళీ పాతిన తల. తొలి వానకి అందులోంచే కొత్త ఆకు లేస్తుంది. పక్క దిబ్బ చూసింది. అందులోనూ ఉంది. ఆ పక్కదీ చూసింది.

చేతిలో ఉన్న రేగుకంపని తిప్పి చూసుకుంది. మట్టిలో గుచ్చిన కొస నల్లగా కాలి ఉంది. చెద పట్టకుండా కొసని నిప్పులో కాల్చి గుచ్చే మనిషి గుంపు మొత్తంలో ఒక్కరే.

*

రామక్క ఇంటి వెనక చేటలో కొర్రలు చెరుగుతోంది. కోడలి అడుగుల చప్పుడు గుర్తుపట్టి, తల ఎత్తకుండానే అడిగింది.

"మాసాను ఇడిసిండ్రా?"

"గట్టు మీదికి ఎవలెవలు పోయిండ్రత్తా?"

చేట ఆగింది. "ఏ గట్టు?"

సారలమ్మ కొంగు ముడి విప్పి రేగుకంపని ఆమె ముందు పడేసింది. రామక్క దాని వైపు చూసింది గానీ ముట్టుకోలేదు.

"నువ్వు చెప్పకు. నేను చెప్త," అంది సారలమ్మ. "నేను సమితి మీటింగని బీజాపూర్ పోతనని తెలిసి, ఆ పొద్దే పోయిండ్రు. నువ్వొక్కదానివే అంత మడి తవ్వలేవు. ఇంకెవలు?"

"నందే, లక్కే, ఆ ఇద్దరాడోళ్ళు." రామక్క చేట పక్కన పెట్టింది. "వాళ్ళనేం అనకు. నేనే పిలిచిన."

"ఎందుకు?"

"గట్టు పోతదట."

"ఎవడన్నడు?"

"సావుకారి. రాళ్ళ కాంట్రాక్టుకు ఇచ్చిండ్రట గదా. ఎండలు ముదరక ముందే మిషన్లొస్తయట. మీద మట్టంతా ఈ పక్కకే దొర్లిస్తరట. నువ్వు తియ్యకుంటే మిషన్ తీస్తది రామక్కా, మిషన్‌కు ముస్లి తెల్వది, మనిషీ తెల్వదు అన్నడు." ముసలామె గొంతులో కోపం గానీ ఏడుపు గానీ లేదు. "నాకు అబద్దమనిపించలేదు బిడ్డా. నా పెద్దకొడుకును మింగిన కొండ. అది ఉంటదని నేనెట్ల నమ్మాలె?"

"నన్నడగొచ్చు గదా."

"నిన్నడిగితే వద్దంటవ్. నువ్వు అధ్యక్షురాలివి."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో సారలమ్మకి తెలియలేదు. పందిరి గుంజ పట్టుకుని నిలబడింది.

"పోయే గట్టే అయితే, మరి తలలెందుకు పెట్టినవత్తా?"

రామక్క చేటలో గింజల్ని ఒక పక్కకి దువ్వింది.

"పెట్టకుండ ఎట్లొస్త? నందే గూడ అదే అడిగింది. సావుకారి తలలతోటే తెమ్మన్నడు, తలలుంటేనే విత్తనమట, లేకుంటే ఉత్త మందట. సరే, తీస్కపోదమని ఒక గుంత కాడ తల గంపల ఏసిన. లేసిన. రెండడుగులేసిన." ఆమె ఆగింది. "మళ్ళ పోయి పెట్టొచ్చిన. ఇగ అన్నీ పెట్టినం."

"మాసా చేతికి తవ్వుకోల ఎట్లొచ్చింది?"

"మేం వాగు దిక్కు నుంచి దిగుతున్నం. నా మోకాలు సంగతి నీకెర్కే గదా. వాడు ఇప్పచెట్ల కాడ ఎదురొచ్చి, గిదేందే అమ్మా అని తిట్టి, తవ్వుకోల గుంజుకుండు. మీరు వాగు పట్టి పోండ్రి, నేను బాటన పోత అన్నడు. వానికి ఎర్కే, ఎవలన్న చూస్తరని." రామక్క లేచి నిలబడింది. లేవడానికి కోడలి చెయ్యి అడగలేదు. "నేను పోయి చెప్త రేంజరుకు. నేనే తవ్విన అని."

"నువ్వు చెప్తే నిన్నొక్కదాన్నే తీస్కపోతరా? ఇంకెవలున్నరు అంటడు. నువ్వు అబద్దం ఆడలేవు. నందేకు చంటిపిల్ల ఉన్నది. మాసా ఇన్ని దినాల సంది నోరు ఎందుకు తెరవలేదనుకుంటున్నవ్?"

బయట మోటార్ సైకిల్ ఆగిన చప్పుడైంది.

వెంకటనారాయణ భోపాల్‌పట్నంలో చింతపండు, ఇప్పపువ్వు, జిగురు కొనే షావుకారు. లోపలికి రమ్మని ఎవరూ అనకపోయినా వచ్చే అలవాటు. వస్తూనే మొదలుపెట్టాడు.

"ఏంది రామక్కా, మొండెం ఇచ్చి తలకాయ దాసుకుంటివి? కంపెనీవోళ్ళు నా మొకాన నవ్వబట్టిరి. విత్తనం అడిగితే మందు తెచ్చినవేంది సావుకారీ అని." అప్పుడు సారలమ్మని చూశాడు. కంగారుపడలేదు. "ఓహో, అధ్యక్షురాలు గూడ ఉన్నరా? రేంజరు ముందట భలే మాట్లాడినవట గదా. హోటల్ల చాయ్ తాగేటోళ్ళంతా అదే చెప్పుకుంటున్నరు. తలలుంటే మా పని, లేకుంటే బయటోళ్ళ పని. ఏ వకీలు చెప్తడమ్మా అంత సాఫుగ?"

"నీ పేరు గూడ చెప్త సావుకారీ."

"చెప్పు. ఏమని చెప్తవ్? నా లారీని చెక్‌పోస్టు నాకా కాడ దినాం ఆపుతరు. బస్తాలల్ల ఇనుప చువ్వ పెట్టి పొడుస్తరు, ఎర్రరాయి తగులుతదేమోనని. గడ్డలు కనబడితే ఏమంటరో ఎర్కేనా? ఏం సావుకారీ, ఇంట్ల గొడవ పడుతున్నవా అని నవ్వి, రెండు గడ్డలు జేబుల ఏసుకుని గేటెత్తుతరు. ఆ నవ్వే నాకు పర్మిట్. దానికి మించిన కాగితం దంతెవాడల గూడ దొరకదు."

రామక్క మొహం తిప్పుకుంది. వెంకటనారాయణ గొంతు తగ్గించాడు. నవ్వు కూడా తగ్గింది. ఇప్పుడు సరుకు బేరమాడే మనిషిలా మాట్లాడాడు.

"కోపంతోటి పని గాదు, చూడు. రేంజరు పొద్దు వాలినంక వస్తడు. గుంతలల్ల తలలున్నయ్. ఆయన చూస్తడు. నీ నోటి తోటి నువ్వే చెప్పినవ్, తలలుంటే మా పని అని. మాసా పోతడు, ఆయెనుక మీ అత్త పోతది, ఇంకెంతమందో నాకు తెల్వది. అదే తలలు లేవనుకో. గుంతలు బయటోళ్ళయి అయితయి. నువ్వు చెప్పింది నిజమయితది. మాసా ఈ రాత్రి ఇంట్ల బువ్వ తింటడు."

సారలమ్మ వంగి రేగుకంపని తీసి మళ్ళీ కొంగున ముడేసుకుంది.

"నేను వాగు కాడ ఇప్పచెట్టు కింద కూసుంట. తలలు నాకిస్తే యాడనో ఓ చోట, ఎవని చేన్లనో మొలుస్తయ్. నాకియ్యబుద్ది గాకుంటే వాగుల పారెయ్. గట్టు మీద మాత్రం ఉంచకు."

"గట్టు పోతదన్న మాట నిజమేనా?"

"రేంజర్ను అడుగు," అన్నాడు వెంకటనారాయణ, మోటార్ సైకిల్ వైపు నడుస్తూ. "ఆయన అబద్దం ఆడడు గదా."

పెరట్లో అత్తాకోడళ్ళు మిగిలారు. చూరుకి వేలాడుతున్న వెదురు గంపని సారలమ్మ చాలాసేపు చూసింది. ఆ మడికి కంచె వేయించేటప్పుడు ముళ్ళతీగ చుట్ట మోసుకుని గట్టెక్కింది మాసానే. అరచేతులు చీరుకుపోయి నెల రోజులు సరిగ్గా ముద్ద కలపలేకపోయాడు. అన్న పోయాక ఆ ఇంట్లో మిగిలిన మగదిక్కు వాడే అని గుంపంతా అంటుంది. సారలమ్మకి మటుకు ఆ ఇంట్లో తనతో తగువు పెట్టుకునే మనిషి వాడొక్కడే.

గంప దించుకుంది.

రామక్క ఆపలేదు. పొమ్మనీ అనలేదు. "మొలక ఇరగకుండ తియ్యి," అంది మెల్లగా. ఆ వెంటనే, ఏం అన్నదో తనకే అర్థమైనట్టు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

*

మొదటి తల పీకడం కష్టమైంది. ఆ తర్వాత చేతులు వాటంతటవే పని చేశాయి.

కంప పీకి దూరంగా విసరడం, మట్టి తోడడం, తల తీసి గంపలో వెయ్యడం, గుంతని కాలితో చెదరగొట్టడం. పెట్టినవాళ్ళ పని ఎంత నెమ్మదైనదో తీసేటప్పుడు తెలిసింది. మట్టిలో ఒక్క రాయి లేకుండా ఏరేశారు. అక్కడక్కడ వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. ఒక గుంత దగ్గర చిన్న చేతి గుర్తు. అది నందేది. నందేకి పనంటే తొందర. అయినా ఆ గుంతలోనూ మొలక పైకే ఉంది.

గంప నిండుతోంది. పై నుంచి చూస్తే పుట్టగొడుగుల గంపలా ఉంది. మడి ఇప్పుడు నిజంగానే దొంగలు పడ్డట్టు కనిపిస్తోంది. ఎండ నడినెత్తికి వచ్చింది. చివరి వరస ఒక్కటే మిగిలింది, పెద్ద బండ పక్కన. రేంజరు సాయంత్రం గదా వచ్చేది. ఆ వరస కూడా తీసేసి, వాగులోకి దిగి చేతులు కడుక్కుంటే సరిపోతుంది. గంపని షావుకారుకి ఇవ్వాలా, వాగులో పారెయ్యాలా అన్నది ఆమె ఇంకా అనుకోలేదు.

"అదేటమ్మా, మాకన్నా ముందే వొచ్చేసేవు?"

కంచె కోసిన మూల నుంచి సన్యాసిరావు వంగి లోపలికి వస్తున్నాడు. వెనక అటవీ నాకా కాపలా చూసే నాకేదారు ముత్తయ్య. ముత్తయ్య చేతిలో తాడు కొస, ఆ తాడుకి రెండో కొసన మాసా.

సారలమ్మ ఒళ్ళో గంప ఉంది. చేతిలో తల ఉంది. దాచుకోవడానికి ఏమీ లేదు.

"సాయంత్రమన్నరు గదా సార్," అంది. అంతకంటే బుద్ధిలేని మాట ఇంకోటి ఉండదని అంటూండగానే తెలిసింది.

"సాయంత్రం జీపు కలెక్టరు మీటింగుకి కావాలన్నారు." రేంజరు మడిని ఒక చివర నుంచి ఇంకో చివరిదాకా చూశాడు. చెదిరిన గుంతలు. విసిరేసిన కంపలు. గంప. ఆయన మొహంలో కోపం లేదు. ఆశ పెట్టుకోకూడని చోట కాస్త ఆశ పెట్టుకుని, అది పోగొట్టుకున్న మనిషి మొహం అది. "ఇదేటి?"

"నేను తీసిన సార్."

ఆ మాట అన్నది సారలమ్మ కాదు, మాసా.

"గడ్డలు అమ్ముకున్న. తలలు గూడ నేనే తీసి పొదల దాసిన. వదినె ఎట్లనో దొరకవట్టింది. మళ్ళ నాటనీకి వచ్చింది. ఆమెకేం తెల్వది." మాసా ఆమె వైపు చూడకుండా గబగబా చెప్పేశాడు. జీపులో వచ్చేటప్పుడే అల్లుకున్న మాటలు కావు అవి. గంపని చూసిన క్షణాన అల్లినవి.

సన్యాసిరావు అతని చేతుల వైపు చూశాడు.

"ముత్తయ్యా, తాడిప్పు."

ముత్తయ్య విప్పాడు. మాసా మణికట్ల మీద తాడు ఒరుసుకున్న చోట తోలు లేచి ఉంది. రేంజరు గంపలోంచి ఒక తల తీసి అతని చేతిలో పెట్టాడు.

"నాటు."

"సార్?"

"అమ్ముకున్నోడివి, ఇన్ని తవ్వినోడివి. ఒకటి మళ్ళీ నాటి సూపించు. మీ వొదిన సెప్పింది కదా, మీ గుంపులో అలాగే నాటుతారని."

గుంపులో మగవాళ్ళు తేనె తీస్తారు, జిగురు తీస్తారు, వెదురు నరుకుతారు. ముస్లి మీద చెయ్యి పెట్టరు. అది తల్లి కూతురికి చూపించే పని, అత్త కోడలికి చూపించే పని. మాసా పుట్టిన దగ్గర్నుంచీ ముస్లి తిన్నాడు, మోశాడు, కంచె వేసి కాపాడాడు. మట్టిలోంచి మాత్రం ఒక్కటీ తియ్యలేదు.

అతను కూర్చుని గుంత తీశాడు. తలని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వదినె వైపు చూడకుండా ఉండటానికి మెడ బిగబట్టాడు. చివరికి, కొయ్యకుండా వదిలిన రెండు గడ్డలూ ఆకాశం వైపు, మొలక పాతాళం వైపు ఉండేలా తలని గుంతలో పెట్టి, మట్టి కప్పి, జాగ్రత్తగా ఒత్తాడు.

ముత్తయ్య కూడా అదే గుంపుల్లో పెరిగినవాడే. నవ్వబోయి, రేంజరు మొహం చూసి మానేశాడు.

"నువ్వు దొంగవి కాదురా," అన్నాడు సన్యాసిరావు. "నీకు సేత కాదు."

ఆయన బండ పక్కకి నడిచాడు. మిగిలిపోయిన వరస దగ్గర కూర్చుని, ఒక కంప పీకి, కాలిన కొస చూశాడు. మట్టి తోడి తల చూశాడు. మళ్ళీ కప్పేశాడు.

"ఇవి మొన్న పెట్టినవి. మట్టి ఆరిపోయుంది. పెట్టినోలు ఆడోలు. నువ్వే సెప్పేవమ్మా, తలలుంటే మా పని అని. ఈ వరస నీ సెయ్యి పడకుండా మిగిలిపోయింది." లేచి నిలబడ్డాడు. "పేరు సెప్తావా? లేకపోతే గుంపులో ఆడోలందర్నీ ఇక్కడికి పిలిపించి, ఒకో తల ఇచ్చి, ఒకో కంప ఇచ్చి నాటిస్తాను. ఈ కొస కాల్చే మనిషెవులో నాకు తెలిసిపోద్ది. ముత్తయ్యా—"

"పిలవొద్దు సార్," అంది సారలమ్మ. "నేనే."

"వదినె," అన్నాడు మాసా.

"నువ్వు నోర్ముయ్యి." ఆమె గంప దించి లేచింది. "బీజాపూర్ బస్సుకు పోకముందే తవ్విన. తలలు పెట్టిన. మీ ముందట గొప్పలు చెప్పుకున్నంక భయం పుట్టి, తీసెయ్యనీకి వచ్చిన. రాసుకోండ్రి."

"గురువారం మొదటి బస్సు చీకటితో ఎలిపోద్ది."

"అంతకు ముందే వచ్చిన."

"ఒక్కదానివే? ఇంత మడి?"

"ఒక్కదాన్నే."

రేంజరు కళ్ళద్దాలు తీసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు.

"నమ్మేనని కాదు. నువ్వు సెప్పేవు కాబట్టి రాసుకుంటాను."

"ఒకటడగనా సార్? ఈ గట్టు రాళ్ళ కాంట్రాక్టుకు పోతదన్నది నిజమేనా?"

గట్టు అవతలి వైపు తెల్లమట్టి కుప్పల మీద ఎండ మెరుస్తోంది.

"పోద్ది."

"మరి ఈ కేసు ఎందుకు?"

"పోయిన దాకా ఇది నా డ్యూటీ."

ముత్తయ్య తాడు తెచ్చాడు. మాసా చేతులకి కట్టిన తాడే. ఆడమనిషికి కట్టడానికి వెనకాడాడు. సారలమ్మ తనే మణికట్లు దగ్గరపెట్టి చాపింది. మాసా అడ్డం రాబోతే, ఆమె చూసిన చూపుకి ఉన్నచోటే ఆగిపోయాడు. వాడు నోరు తెరిస్తే వచ్చే పేరు ఒక్కటే. అది వాడి తల్లి పేరు.

"గంప సీలు సెయ్యి," అన్నాడు రేంజరు ముత్తయ్యతో.

"సార్." ఆ మాట ఆమె నోట్లోంచి అరుపులా వచ్చింది. "ఆ తలలు రెండు మూడు దినాలల్ల ఎండిపోతయి. నన్ను తీస్కపోండ్రి. వాటిని నాటనీయుండ్రి. ముత్తయ్య నాటుతడు, మాసాకు చూపిస్త, ఎవలన్న నాటుతరు. పొద్దు గూకే లోపల అయిపోతది."

"అది దొంగసొత్తమ్మా. సాక్ష్యం. కోర్టు సెప్పిన దాకా ఎవులూ ముట్టకూడదు."

"కోర్టు ఎప్పుడు చెప్తది?"

సన్యాసిరావు ఆ ప్రశ్న విననట్టు కంచె వైపు తిరిగాడు. విన్నాడని ఆయన వీపే చెప్పింది. ముత్తయ్య గోనెసంచీలోకి తలలు ఒంపాడు. మూతి బిగించి, లక్క కరిగించడానికి అగ్గిపుల్ల గీశాడు. గాలికి ఆరిపోయింది. ఇంకోటి గీశాడు.

గట్టు మీది నుంచి కింద వాగు దాకా బాట అంతా కనిపిస్తుంది. సారలమ్మ అటు చూసింది.

వాగు ఒడ్డున ఇప్పచెట్టు కింద, మోటార్ సైకిల్ మీద అటు తిరిగి కూర్చుని ఉన్నాడు వెంకటనారాయణ. నీళ్ళ వైపు చూస్తూ బీడీ కాలుస్తున్నాడు. బాట మొదట్లో రామక్క నిలబడి ఉంది. గట్టు ఎక్కడానికే బయలుదేరినట్టుంది. మోకాలి నొప్పితో అంత దూరం నడిచి, అక్కడ ఆగి, తలెత్తి పైకి చూస్తోంది. కంచె పక్కన కోడలి చేతులకి తాడు కనిపిస్తుంది ఆమెకి. కొడుకు చేతులు వట్టిగా ఉండటమూ కనిపిస్తుంది.

రామక్క ఎక్కడం మానేసింది. పక్కకి తిరిగింది. ఇప్పచెట్టు వైపు.

భుజాన ఉన్న ఇంకో తవ్వుకోలని దించి, రెండు చేతుల్లోకి తీసుకుంది. దాని కొసన ఉన్న ఇనుప ములుకు ఎండకి ఒక్కసారి మెరిసింది. ఎండుటాకుల్లో చప్పుడు కాకుండా ఆచితూచి అడుగులేస్తోంది. జంతువుని బెదరగొట్టకుండా నడవడం ఆమెకి కొత్తేమీ కాదు.

మాసా రేంజరు ముందు తల వంచుకుని నిలబడి ఉన్నాడు. వాగు అతని వెనక ఉంది. ముత్తయ్య మూడో అగ్గిపుల్ల మీద వంగి ఉన్నాడు.

అత్తా అని ఒక్క కేక వేస్తే చాలు, రామక్క ఆగుతుంది. ఆ కేకతోనే రేంజరు కూడా అటు తిరుగుతాడు. తవ్వుకోల పట్టుకుని షావుకారు వీపు వెనక నిలబడ్డ ముసలామెని చూస్తాడు. రేగుకంప కొస ఎవరు కాల్చారో ఇంకెవరినీ అడగక్కర్లేదు.

సారలమ్మ నోరు తెరిచింది.

ఇప్పచెట్టు కింద వెంకటనారాయణ బీడీ పారేసి, ఇంకోటి నోట్లో పెట్టుకున్నాడు. ఇంకా వెనక్కి తిరగలేదు.